షమామా పూసుకున్న రోజు



పుష్యమాసం చలి ముదిరింది. ఈ రోజుల్లో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు కొట్లకి వెళితే, అద్దాల బీరువాల్లో ముందు వరస సీసాలు మారిపోయి కనిపిస్తాయి. ఎండాకాలమంతా అక్కడ ఖస్, అంటే మన వట్టివేరు, గులాబీ, మల్లె, మొగలి, తొలకరికి తడిసిన నేల వాసన వేసే మట్టి అత్తరు ఉంటాయి. దీపావళి దాటిందంటే అవన్నీ వెనక వరసకి జరుగుతాయి. హీనా, షమామా, ఊద్, అంబర్, జాఫ్రాన్ ముందుకొస్తాయి. మొదటివి చలవ చేసే అత్తర్లు, రెండోవి వేడి చేసేవి. తిండికి మనం పెట్టుకున్న వేడీ చలవా లెక్కని వాళ్లు వాసనకి కూడా పెట్టుకున్నారు. యునానీ వైద్యం నుంచి వచ్చిన పద్ధతి అది. వాసన ఒంటికి వేడి చేస్తుందా అని డాక్టర్‌ని అడిగితే నవ్వుతాడు. కానీ మే నెల మిట్టమధ్యాహ్నం షమామా పూసుకుని బస్సెక్కిన మనిషి మాత్రం నవ్వడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్లు అసలే నవ్వరు.

ఈవేళ ఆ షమామా గురించే మాట్లాడతాను. ఇది ఏదో ఒక పువ్వు నుంచి తీసిన అత్తరు కాదు. వేళ్లు, బెరళ్లు, గింజలు, వంటింటి దినుసులు, చెట్ల మీదా రాళ్ల మీదా పాచిలా పెరిగే ఒక వింత జీవి, ఇలాంటివి ఎన్నో చేర్చి శ్రీగంధం నూనెలోకి దించిన వాసన. ఒక్కో తయారీదారు ఇంట ఒక్కో పాళ్లు. ఆ పాళ్లు బయటివాళ్లకి చెప్పరు. కనుక షమామా అంటే ఇదిగో ఇంతే అని గీత గీసి చూపించడం కుదరదు. నేను చెప్పబోయేది నా దగ్గరున్న చిన్న సీసా సంగతి. కన్నౌజ్ సరుకు. శ్రీగంధం మీద దించినదని చెప్పి అమ్మారు. సాయంత్రానికి నా ముక్కు కూడా ఆ మాటకి సాక్ష్యం చెబుతుంది. సాయంత్రానికి అని ఎందుకన్నానంటే, దీని గుణం కొట్లో నిలబడి తేల్చుకునేది కాదు. సీసా మూత తీసి, ఒకసారి పీల్చి, బాగుందనో బాగాలేదనో చెప్పేవాళ్లు ఈ అత్తరులో పదో వంతు కూడా చూడనట్టే లెక్క.

పొద్దున స్నానం చేసి, ఒళ్లు ఆరాక, మూతకున్న గాజుపుల్లతో ఎడమ మణికట్టు మీద ఒక్క చుక్క. రెండో చుక్క వద్దు. రెండు మణికట్లూ కలిపి రుద్దుకునే అలవాటు చాలామందికి ఉంది, అది కూడా వద్దు. ముదురు గోధుమ రంగు నూనె. చర్మం మీద పలచగా పరుచుకుంటుంది, మెరుస్తుంది, కాసేపటికి ఇంకిపోతుంది.

ముందుగా తగిలేది అడవీ కాదు, గంధమూ కాదు. మందుల వాసన! నాటువైద్యుడి కొట్లో చెక్క సొరుగు లాగితే గుప్పుమంటుంది చూడండి, ఆ ఘాటు. మొదటిసారి నేను దీన్ని పూసుకుని హాల్లోకి వస్తే, మా పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని, "ఏం నాయనా, జలుబా? అమృతాంజనం రాసుకున్నావా?" అంది. ఆవిడ ముక్కుకి వంక పెట్టలేం. షమామాలో యాలకులు పడతాయి. యాలకుల నూనెలోని ముఖ్యమైన పదార్థాల్లో సినియోల్ ఒకటి. నీలగిరి తైలం ఘాటుకి కారణం కూడా అదే సినియోల్. దానికో చిత్రమైన గుణం ఉంది. మన చర్మంలోనూ ముక్కులోనూ చల్లదనాన్ని కనిపెట్టే నరాలుంటాయి. నిజంగా చల్లగాలి తగిలినప్పుడు మేలుకునే నరాలవి. సినియోల్ తగిలినా అవి మేలుకుంటాయి. అంటే షమామా తొలి నిమిషాల్లో ముక్కుకి తెలిసే చలి మనసు కల్పించుకున్నది కాదు, నరం చెప్పే కబురు. వేడి చేసే అత్తరు చలితో మొదలవుతుందన్నమాట.

దాని వెంటే లవంగం. లవంగంలో ఉండే యూజినాల్ పంటి డాక్టర్ గదిని గుర్తుకు తెస్తుంది. పూర్వం పంటినొప్పికి లవంగనూనె పెట్టేవాళ్లు, ఇప్పటికీ దంతవైద్యంలో యూజినాల్ వాడతారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నాకొద్దు బాబూ అని సీసా తిరిగిచ్చేస్తారు. వాళ్లని తప్పుపట్టను. తొలి పావుగంట షమామా మర్యాదస్తురాలు కాదు. కొట్టాయనకి ఈ సంగతి తెలుసు. నేను కొన్న చోట పెద్దాయన నా చేతి మీద పుల్ల ఆనించి, "ఇప్పుడే ముక్కు పెట్టకండి సాబ్, ముందు చాయ్ తాగి రండి" అన్నాడు. సరుకు మీద నమ్మకం లేనివాడు అలా పంపించడు.

చలికాలంలో ఈ తొలి ఘట్టం ఇంకాస్త సాగుతుంది. తేలికపాటి అణువులు ముందు లేచిపోతాయి, బరువైనవి తర్వాత. అన్ని అత్తర్లకీ వర్తించే సూత్రమిది. సినియోల్ వంటి వాటిలో పది కార్బన్ పరమాణువులుంటాయి. శ్రీగంధానికి ప్రాణమైన శాంటలాల్‌లో పదిహేను. చర్మం వేడిగా ఉంటే పదివాళ్లు పరుగెత్తుకుపోతారు. జనవరి పొద్దున చేతులు చల్లబడి ఉన్నప్పుడు వాళ్లు కూడా తీరిగ్గా బయల్దేరతారు. అందుకే ఒకే సీసా వేసవిలో ఒకలా, చలిలో మరోలా పలుకుతుంది. ఎండలో అన్నీ ఒక్కసారిగా లేచి కలగాపులగంగా మీద పడతాయి. చలిలో ఒకదాని తర్వాత ఒకటి వరస తప్పకుండా వస్తాయి. చలికాలపు అత్తరు అనడానికి యునానీ చెప్పే కారణం ఒకటైతే, నాకు కనిపించే కారణం ఇది.

అత్తరు తీరిగ్గా విప్పుకుంటోంది గనక, ఈలోగా అది పుట్టిన చోటుకి ఒకసారి వెళ్లొద్దాం. కన్నౌజ్ ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున, కాన్పూరుకి ఎగువన ఉంది. ఒకప్పుడు కన్యాకుబ్జం, హర్షవర్ధనుడి రాజధాని. రాజ్యం పోయింది, వాసన మిగిలింది. అక్కడ అత్తరు దించే పద్ధతిని డేగ్ భప్కా అంటారు. డేగ్ అంటే పెద్ద రాగి కాగు. అందులో దినుసులూ నీళ్లూ పోసి, మూత పెట్టి, మట్టీ దూదీ కలిపిన ముద్దతో సందులు మెత్తుతారు. కింద కట్టెలు, పిడకలు. మూతలోంచి వెదురు గొట్టం ఒకటి వంగి, పక్కనే నీళ్లతొట్టిలో కూర్చున్న పొడుగుమెడ రాగి పాత్రలోకి దిగుతుంది. అది భప్కా. అందులో ముందే శ్రీగంధం నూనె పోసి ఉంచుతారు. ఆవిరి గొట్టంలోంచి వచ్చి చల్లబడి ఆ నూనెలో దిగుతుంది. వాసనని నూనె పట్టేసుకుంటుంది. అడుగున చేరిన నీటిని తీసేస్తారు.

ఇందులో కష్టమంతా మంట దగ్గరే. మంట పెరిగితే దినుసు మాడిన కంపు నూనెలోకి దిగుతుంది, తగ్గితే ఆవిరే రాదు. పనివాడు భప్కా మీద చెయ్యి వేసి చూస్తాడు, తొట్టిలో నీళ్ల వెచ్చదనం చూస్తాడు, కాగు లోపలి చప్పుడు వింటాడు. గులాబీ లాంటి ఒకే పువ్వు అత్తరుకి కూడా రోజూ కొత్త పువ్వు వేసి, అదే నూనెలోకి రోజుల తరబడి దించుతారు. షమామాకి ఆ తిప్పలు ఇంకా ఎక్కువ. దినుసులన్నీ ఒకేసారి కాగులో గుమ్మరించడం ఉండదు. ఉడకడానికి ఎక్కువసేపు పట్టే వేళ్లు ఒక విడత, మసాలా దినుసులు మరో విడత, ఖరీదైన కుంకుమపువ్వు వంటివి ఆఖర్న. అన్ని విడతలూ ఆ ఒక్క నూనెలోకే. తయారైన అత్తరుని పూర్వం కుప్పీ అనే తోలు సీసాల్లో పోసి ఎండకి పెట్టేవాళ్లు. నూనెలో మిగిలిన తేమ తోలులోంచి బయటికి పోతుంది, నూనె లోపల ఉండిపోతుంది.

సరే, ఇప్పుడు మళ్లీ మణికట్టు దగ్గరికి వద్దాం. పూసుకుని గంట కావస్తోంది. మందుల కొట్టు కట్టేశారు, వంటిల్లు తెరిచారు. జాజికాయ, జాపత్రి, కుంకుమపువ్వు. కుంకుమపువ్వు వాసన ఇక్కడ పాయసంలో ఉన్నట్టు తియ్యగా ఉండదు. కాస్త తోలు వాసన, కాస్త ఎండుగడ్డి. ఈ ఘట్టంలో నాకు ప్రతిసారీ పాతబస్తీ నిహారీ గుర్తొస్తుంది. అది ఊరికే గుర్తురావడం కాదు, దానికి గట్టి ఆధారమే ఉంది. చలికాలం తెల్లవారుజామున హోటళ్ల ముందు జనం నిలబడి తినే నిహారీలో పొట్లీ కా మసాలా అని వేస్తారు. గుడ్డలో మూటగట్టి కాగులో వదిలే సుగంధాల పొట్లం. అందులో వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, తమలపాకు వేరు, గంధపు చెక్కపొడి, కపూర్ కచ్రీ, రాతిపువ్వు ఉంటాయి. షమామా కాగులో పడే సరుకులో చాలా భాగం ఇదే. ఒకటి ఎముకల పులుసులోకి, మరొకటి గంధపు నూనెలోకి. పాతబస్తీలో ఒకే వీధిలో పచారీ కొట్టూ అత్తరు కొట్టూ పక్కపక్కనే ఉంటే, రెండు కొట్లకీ సరుకు ఒకే బస్తాలోంచి వచ్చిందా అనిపిస్తుంది నాకు.

తెలుగు ఇళ్లకి కూడా ఇవి పరాయివి కావు. పెద్దవాళ్లు సున్నిపిండిలో వేసే గంధకచ్చూరాలు కపూర్ కచ్రీ వరసలోవే. తలనూనెలో వేసి కాచే జటామాంసి షమామాలోనూ ఉంది. తుంగముస్తలు సరే సరి. కన్నౌజ్ పేరెన్నడూ వినని మా పెద్దమ్మకి ఈ అత్తరు దినుసుల్లో సగం పేర్లు నోటికి తెలుసు. ఆవిడ వాటిని నలుగు పెట్టింది, తలకి రాసింది. ఒళ్లంతా రోజంతా మోయగలిగే వాసనగా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

పూట ఎక్కేకొద్దీ మసాలాలు అణుగుతాయి. అప్పుడు వస్తుంది అడవి.

దీని గురించి కాస్త నిలబడి మాట్లాడాలి. అడవి వాసన అంటే సాధారణంగా మనం ఆకునో, పువ్వునో, కోసిన చెక్కనో అనుకుంటాం. ఇందులో పచ్చదనం ఉండదు. ఇది ఆకులన్నీ రాలిపోయాక, మంచు పట్టి, మధ్యాహ్నానికి కూడా పూర్తిగా ఆరని అడవి నేల. నల్లమలలో పొద్దున్నే నడిచినవాళ్లకీ, అరకు దారిలో బండి దిగి చెట్ల కిందికి వెళ్లినవాళ్లకీ తెలుస్తుంది. తడి బెరడు, కుళ్లి మట్టిగా మారుతున్న ఆకు, ఎక్కడో దూరంగా పొగ. మరి ఇదంతా ఏ చెట్టు నుంచి వచ్చిందని వెతికితే, గంధాన్ని పక్కన పెడితే, చెట్లు పెద్దగా లేవు. మూడు చిన్న ప్రాణులున్నాయి.

ఒకటి రాతిపువ్వు. ఉత్తరాదివాళ్లు ఛరీలా అంటారు, మన పచారీ కొట్టువాడు దగడ్ ఫూల్ అన్నా ఇస్తాడు. పేరులో పువ్వుంది గానీ అది పువ్వూ కాదు, మొక్కా కాదు. ఒక శిలీంధ్రమూ ఒక శైవలమూ కలిసి కాపురం చేసే జీవి. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, శైవలం ఎండని పట్టి వంట చేస్తుంది. నల్లగా బూడిదగా, కాలిన కాగితంలా ఉండే దాన్ని ఊరికే వాసన చూస్తే ఏమీ అనిపించదు. వేడి తగిలితే నిద్రలేస్తుంది. బిర్యానీ కోసం నూనెలో వేశాక వచ్చే ఆ తడి చెట్టు వాసన చాలామందికి ఎరుకే. యూరప్ అత్తరు పరిశ్రమ ఓక్ చెట్ల మీద పెరిగే ఇటువంటి జీవి మీదే ఎన్నో ప్రసిద్ధ పరిమళాలు కట్టింది.

రెండోది నాగర్‌మోథా, మన తుంగ జాతిది. పొలంలో తుంగ పడితే రైతు ఎంత విసుక్కుంటాడో చెప్పక్కర్లేదు. పీకేకొద్దీ వస్తుంది, నేలలో ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ వస్తుంది. రైతు తిట్టే ఆ మొండి గడ్డలోనే పొడి కర్ర వాసన, కాస్త పొగ, కాస్త మట్టి దాచుకుని ఉంటాయి. గంటల తరబడి నిలిచే వాసన అది.

మూడోది జటామాంసి. హిమాలయాల్లో 3,000 మీటర్లకి పైన, చెట్లు ఆగిపోయే ఎత్తుల్లో పెరిగే చిన్న మొక్క, దాని వెంట్రుకల వేరు. నా ముక్కుకి ఈ అత్తరులో నిజంగా మంచు దేశం నుంచి వచ్చినది ఇదొక్కటే. కానీ దీని వాసన తెల్లగా, శుభ్రంగా ఉండదు. చెమట, పాత కంబళి, తడి మట్టి. విడిగా చూస్తే ముఖం తిప్పుకుంటాం. షమామాలో అడుగున ఉండి మిగతావాటికి లోతునిస్తుంది. కొండల మీద విచ్చలవిడిగా తవ్వేయడంతో ఈ మొక్క ఇప్పుడు అంతరించే ప్రమాదంలో పడింది. దాని వ్యాపారం అంతర్జాతీయ నియంత్రణ కిందికి వచ్చింది. చౌక షమామాలో జటామాంసి పేరుకే ఉంటుందన్నది తెలిసిన సంగతే. ఖరీదు షమామాలో ఉన్నది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే కొనుగోలుదారు కూడా ఉండాలి కదా. అడిగితే కొట్లో కాస్త నిశ్శబ్దం వస్తుంది, అడగండి.

పూర్వపు షమామాల్లో కస్తూరి కూడా పడేదంటారు. దాని కోసం సాధారణంగా కస్తూరి మృగాన్ని చంపేవాళ్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ దారి మూసేసింది, మంచిదైంది. ఇప్పుడా చోటులో కస్తూరి బెండ గింజలు వాడతారు. మనం కూర వండుకునే బెండకి చుట్టమే. ఆ గింజలో మెత్తటి, పాలు కాగినట్టుండే కస్తూరి వాసన ఉంటుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక నా చేతి మీద పలకరించేది అదేననుకుంటాను.

ఈ కూర్పు ఎంత పాతదో చూడాలంటే వరాహమిహిరుడి దగ్గరికి వెళ్లాలి. ఆరో శతాబ్దంలో ఆయన రాసిన బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయముంది. పదహారు ద్రవ్యాలని నాలుగు గళ్లు నిలువు, నాలుగు గళ్లు అడ్డం పట్టికలో పేర్చాడు. ఆ పదహారులో ముస్తలున్నాయి, శైలేయం పేరుతో రాతిపువ్వుంది, కచ్చూరముంది, అగరుంది, చందనముంది. నాలుగేసి ఎంచుకుంటే 1,820 కూర్పులు వస్తాయనీ, పాళ్లు మారుస్తూ పోతే 1,74,720 పరిమళాలవుతాయనీ లెక్క తేల్చాడు. జ్యోతిష్యుడు గదా, లెక్క వదల్లేదు. ఆయన జాబితాకీ నేటి షమామాకీ నేరుగా వంశవృక్షం గీయను. పర్షియా నుంచి, అరబ్బుల నుంచి, దక్కను సుల్తానుల కొలువుల నుంచి వచ్చి చేరిన పాయలు మధ్యలో చాలా ఉన్నాయి. బీజాపూరులో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కోసం పరిమళాల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశారు. అయినా తుంగగడ్డ, రాతిపువ్వు, కచ్చూరం, చందనం నాలుగూ పదిహేను వందల ఏళ్ల తర్వాత కూడా ఒకే కాగు చుట్టూ కనిపిస్తున్నాయంటే, వాటి మధ్య ఏదో పొత్తు కుదిరిందనే అనుకోవాలి.

మధ్యాహ్నం దాటాక ఒక ఇబ్బంది వస్తుంది. వాసన పోయిందనిపిస్తుంది. మణికట్టు ముక్కుకి ఆనించినా పెద్దగా తెలియదు. అత్తరు మోసం చేసిందని ఇక్కడే చాలామంది ఇంకో చుక్క పూస్తారు. పోయింది వాసన కాదు. ముక్కు అలవాటు పడి పట్టించుకోవడం మానేసింది. మన ముక్కులో వాసనలు పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలున్నాయి. వాటి జన్యువుల్ని బయటపెట్టినందుకే రిచర్డ్ ఆక్సెల్‌కీ లిండా బక్‌కీ 2004లో నోబెల్ ఇచ్చారు. ఒకే కబురు గంటల తరబడి వస్తుంటే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది. డాబా మీదికి వెళ్లి పది నిమిషాలు చల్లగాలి పీల్చి వస్తే మళ్లీ తెలుస్తుంది. అంతకన్నా సులువైన దారి, ఇంట్లో ఇంకొకరిని అడగడం. నేనడిగితే మా పెద్దమ్మ, "ఇప్పుడు బాగుంది, గుళ్లోకి వెళ్లొచ్చినట్టుంది" అంది. పొద్దున అమృతాంజనం అన్న మనిషే.

ఆవిడకి గుడి తోచడానికి కారణం శ్రీగంధం. సాయంత్రానికి మిగిలేది అదే. మిగతా దినుసులన్నీ ఎక్కి వచ్చిన బండి ఇది, వాళ్లంతా దిగిపోయాక ఇప్పుడు ఒంటరిగా కనిపిస్తుంది. పదిహేను కార్బన్లవాడన్నానే, ఆ శాంటలాల్. పాలమీగడలాంటి నునుపు, కాస్త ఉప్పదనం, చెక్కపొడి. ఇందులో నాకెప్పుడూ తెమలని చిక్కు ఒకటుంది. మనకి గంధం అంటే చలవ. సింహాచలంలో వరాహ నరసింహస్వామి ఉగ్రం చల్లారడానికి ఏడాదంతా చందనం కిందే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు ఒక్కరోజే నిజరూప దర్శనం. ఎండాకాలం నుదుటన గంధం పెట్టుకునేదీ చలవకే. అదే గంధం చలికాలపు వేడి అత్తరుకి అడుగు ఎలా అయింది? నాకు తోచిన జవాబు ఒకటే. రాతి మీద నీళ్లతో అరగదీసిన గంధంలో చల్లబరిచేది నీరు, ఆరుతూ ఒంటి వేడి తీసుకుపోతుంది. నూనెలో ఆ పని జరగదు. ఆరదు, పోదు, చర్మాన్ని అంటిపెట్టుకుని ఒంటి వేడితోనే మెల్లగా లేస్తుంటుంది. చలవా వేడీ గంధంలో లేవు, దానితో వచ్చిన తోడులో ఉన్నాయి.

ఇక్కడే డబ్బు సంగతి కూడా చెప్పాలి. అసలు శ్రీగంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటి చాలా ఏళ్లయింది. అడవుల్లో గంధపుచెట్లు ఎంతగా పలచబడ్డాయో అందరికీ తెలుసు. కాబట్టి కన్నౌజ్‌లోనే చాలా సరుకు ఇప్పుడు లిక్విడ్ పారఫిన్ మీదా, అలాంటి వాసన లేని నూనెల మీదా దిగుతోంది. దాన్ని మోసం అనను, చెప్పి అమ్మినంతవరకు. కొందరికి అందుబాటులో ఉండేది అదే. కానీ తేడా సాయంత్రం తెలుస్తుంది. పారఫిన్ షమామా పొద్దున ఇంకా హుషారుగా ఉంటుంది. మసాలాలు గలగలమంటాయి. పూట దిగాక చేతి మీద జిడ్డు తప్ప కథ ఉండదు. రసాయన గంధం వేసినదైతే సాయంత్రం కూడా వాసన ఉంటుంది, కానీ పొద్దున ఎలా ఉందో అలాగే ఉంటుంది. కదలదు. నాకు కదలని అత్తరు నచ్చదు.

స్ప్రే సెంటుతో పోల్చి చూసుకునేవాళ్లకి ఒక మాట. సెంటులో ఆల్కహాలుంటుంది. అది చిమ్మగానే ఎగిరిపోతూ వాసనని తనతో గదంతా లాక్కెళుతుంది. అత్తరులో అలా లాక్కెళ్లేది లేదు. అందుకని షమామా గది నింపదు. పక్కన కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది, ఎదురుగా నిలబడ్డవాళ్లకి తెలియదు. శాలువా వేసుకుంటే మాత్రం కథ వేరు. ఉన్ని ఈ వాసనని చర్మం కన్నా మిన్నగా దాచుకుంటుంది. మర్నాడు మడత విప్పితే రాతిపువ్వు, తుంగ, గంధం మూడే మిగిలి ఉంటాయి. నాకు షమామాలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే, మర్నాటి శాలువా. అయితే తెల్ల శాలువా మీద నేరుగా పూయకండి. గోధుమరంగు మరక పడితే చాకలి కూడా చేతులెత్తేస్తాడు. పాతవాళ్లలా చిన్న దూది ఉండకి అంటించి చెవి మడతలో పెట్టుకోవచ్చు. లేదా శాలువా మడతల మధ్య ఆ దూదిని కాగితంలో చుట్టి ఉంచొచ్చు.

అందరికీ పనికొస్తుందా అంటే, రాదు. కాకినాడలోనో బెజవాడలోనో జనవరి మధ్యాహ్నం కూడా చొక్కా తడుస్తుంది. అక్కడ షమామా బరువనిపిస్తుంది, తెల్లవారుజామున తప్ప. ఆదిలాబాదుకీ, లంబసింగికీ, హైదరాబాదు పొద్దులకీ సరిపోతుంది. చికాగో చలిలో ఉన్న మా బంధువొకాయన ఏటా ఒక సీసా తెప్పించుకుంటాడు. అక్కడ పెద్ద కోటు కాలరు లోపలివైపు పూసుకుంటాడట. లవంగం, దాల్చిన వంటివి కొందరి చర్మానికి పడవు, ఎర్రగా దద్దుర్లొస్తాయి. ముందు మోచేతి మడతలో కాస్త పూసి, మర్నాటిదాకా చూసుకోండి. చిన్నపిల్లలకి పూయకండి.

కొనేటప్పుడు 3 మిల్లీలీటర్ల సీసా చాలు. చుక్క చుక్కగా వాడితే చలికాలమంతా వస్తుంది. 12 మిల్లీలీటర్లదైతే చవక పడుతుందని కొట్లో చెబుతారు, అదీ నిజమే గానీ ముందు ఒక శీతాకాలం గడవనివ్వండి. పొద్దున కొట్టుకెళ్లి పూయించుకుని, కొనకుండా ఇంటికి వచ్చేయండి. సాయంత్రం కూడా చెయ్యి ముక్కు దగ్గరికి వెళుతుంటే మర్నాడు వెళ్లి కొనుక్కోండి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, మూత బిగించి, వెలుతురు తగలని అరలో పెట్టండి. ఏడాదికేమీ పాడవదు. లవంగం ఘాటు కాస్త తగ్గి ఇంకా బాగుంటుంది కూడా. ఈలోగా ముందు వరసలోకి ఖస్ వచ్చేస్తుంది, దాని సంగతి ఎండలు ముదిరాక మాట్లాడుకుందాం.